ఆఫీసుకు రావాల్సిందేనా: అపోహలు – వాస్తవాలు

వారానికి ఇన్ని రోజులు ఆఫీసుకు వచ్చి తీరాలని కంపెనీలు పట్టుబడుతున్న ఈ రోజుల్లో, దీర్ఘకాలిక జబ్బుతో ఉన్న ఉద్యోగి ఇంటి నుంచి పని అడిగితే వచ్చే జవాబు ‘పాలసీ అందరికీ ఒక్కటే’. వినడానికి సమానత్వంలాగే ఉంటుంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 మాత్రం దీన్ని సమానత్వంగా చూడదు. యాజమాన్యం మీద మోయలేని భారం పడకుండా చేయగలిగిన మార్పులను వైకల్యం ఉన్నవారికి నిరాకరించడం కూడా వివక్షే అని ఆ చట్టం చెబుతోంది. అందువల్ల మిగతావాళ్లు వస్తున్నారా లేదా అన్న లెక్క ఇక్కడ పనికిరాదు. ఈ ఉద్యోగంలో ఏ పనికి మనిషి ఎదురుగా ఉండి తీరాలి, ఈ జబ్బు అందుకు ఎక్కడ అడ్డుపడుతోంది అన్నదే తేలాలి.

మన రెండు రాష్ట్రాల్లో బాగా పాతుకుపోయిన అపోహ ఇంకొకటి: వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటేనే ఏదైనా అడగాలని. రిజర్వేషన్లకు ఆ శాతమే గీటురాయి కాబట్టి ఈ నమ్మకం సహజం. కానీ 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ చిక్కుముడి విప్పింది. రాస్తుంటే చెయ్యి పట్టేసే సమస్య ఉన్న సివిల్స్ అభ్యర్థి తన బదులు పరీక్ష రాసిపెట్టే స్క్రైబ్‌ను అడిగితే, 40 శాతం వైకల్యం లేదు కదా అన్న వాదన వచ్చింది. కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఆ గీత రిజర్వేషన్ల వంటి ప్రత్యేక ప్రయోజనాలకే తప్ప, అవసరమైన వెసులుబాటు అడగడానికి అడ్డుగోడ కాదంది. చట్టం జాబితాలోని 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, సికిల్ సెల్, మానసిక అనారోగ్యం ఉన్నాయి. షుగరు, ఉబ్బసం ఆ జాబితాలో లేవు. వాటితో బాధపడేవారికి చట్టం దారి ఇరుకు, కంపెనీ సొంత నియమాలే ఎక్కువ దిక్కు.

‘మొన్న వచ్చి శుభ్రంగా పనిచేశారుగా, ఇవాళ ఏమైంది?’ అనే మేనేజర్లకు చాలా జబ్బుల తీరు తెలియదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో ఒంట్లో వేడి పెరిగితే లక్షణాలు తాత్కాలికంగా ముదురుతాయి. మే నెల ఎండలో గంటన్నర ట్రాఫిక్ దాటి వచ్చిన మనిషికి, ఇంట్లో చల్లగా కూర్చున్న మనిషికి పని చేసే శక్తి ఒకేలా ఉండదు. పేగుల వాపు జబ్బు ఉన్నవారు తలకిందులయ్యేది ఆఫీసులో కాదు, బాత్రూమ్ దొరకని దారిలో.

ఇంటి నుంచి చేస్తే పని కుంటుపడుతుందన్న భయాన్ని తోసిపారేయకూడదు, పరీక్షించాలి. చైనాలోని ట్రిప్.కామ్ కంపెనీలో ఆర్థికవేత్త నికొలాస్ బ్లూమ్ బృందం 1,600 మందికి పైగా ఉద్యోగులపై చేసిన ప్రయోగం 2024లో ‘నేచర్’లో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేసినవారిలో ఉద్యోగం మానేసేవారు మూడో వంతు తగ్గారు. పనితీరు రేటింగుల్లో, ప్రమోషన్లలో నష్టం కనిపించలేదు. అది రోగుల మీద చేసిన ప్రయోగం కాదు, నిజమే. కానీ ఆరోగ్యవంతులకు ఇచ్చినా నష్టం లేనిదాన్ని జబ్బు మనిషికి కాదనాలంటే బలమైన కారణం చూపాలి. అలాంటి కారణాలూ ఉంటాయి. అమెరికాలో ఫోర్డ్ కంపెనీపై పేగు సమస్య ఉన్న ఉద్యోగి తరఫున నడిచిన కేసులో, ఎదురెదురుగా మాట్లాడటం ఆ ఉద్యోగానికి కీలకమంటూ 2015లో అప్పీలు కోర్టు కంపెనీ వైపే నిలిచింది. కాబట్టి ఇంటి నుంచి పని ఎవరికైనా ఆటోమేటిక్‌గా దక్కే హక్కని చెప్పడం కూడా అపోహే. వీసా మీద ఉన్నవారికి అక్కడి వైకల్య చట్టం వర్తించదన్నది మన ఎన్నారైలలో వినిపించే భయం. 15 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థల్లో అది పౌరసత్వంతో నిమిత్తం లేకుండా వర్తిస్తుంది.

మన దేశంలో ప్రభుత్వ ఉద్యోగులకు ఉన్నంత గట్టి రక్షణ ప్రైవేటు రంగంలో లేదు. ఇది బాధ కలిగించే నిజం. అయినా 20 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి, లైజాన్ ఆఫీసర్‌ను నియమించాలి. అడిగేది నోటిమాటగా కాకుండా ఆ అధికారిని రాతపూర్వకంగా అడగాలి. డాక్టర్ లేఖలో జబ్బు చరిత్రంతా విప్పనక్కర్లేదు: ఎంతసేపు కూర్చోగలరు, ప్రయాణం ఎందుకు కష్టం, ఎన్నాళ్లు వెసులుబాటు కావాలి అన్నవి స్పష్టంగా ఉంటే, కాదనేవారు కూడా అంతే స్పష్టంగా రాతలో జవాబు చెప్పాల్సి వస్తుంది.