ర్యాంపు కొనే ముందు టేపు పట్టండి

మన ఆసుపత్రి గేటు దగ్గర మేము తరచుగా చూసే దృశ్యం ఇది. ట్రాలీ ఆటో వచ్చి ఆగుతుంది. వెనుక బ్యాటరీతో నడిచే మూడు చక్రాల బండి ఉంటుంది. దాన్ని దించడానికి నలుగురు పట్టాలి. ఒకరికి నడుము పట్టేస్తుంది, ఇంకొకరికి వేలు నలుగుతుంది. ముందు సీటులో కూర్చున్న బండి మనిషి "నా వల్ల అందరికీ కష్టం" అనుకుంటారు. మరుసటి నెల చెకప్‌కు రారు. ఆదివారం ఆరాధనకూ రారు.

కాన్పూర్‌లోని అలింకో సంస్థ తయారుచేసే ఇలాంటి బండ్లను ప్రభుత్వ శిబిరాలలో అర్హులకు ఇస్తున్నారు. వీధిలో వాటిని ఎవరికి వారే నడుపుకోగలరు. కాని మడికొండ నుండి కాజీపేట, హనుమకొండ మీదుగా వరంగల్ ఎం.జి.ఎం. దాకా ఆ రద్దీలో నడపడం ప్రమాదం. బండిని ట్రాలీలో ఎక్కించవలసిందే. అందుకే ర్యాంపు.

పొడవు ఎంత ఉండాలి?

మనిషి చక్రాల కుర్చీలో కూర్చుని ఎక్కే ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉండాలి. ఇంటి గడపకు, చర్చి మెట్లకు ఇదే లెక్క. ట్రాలీ 2 అడుగుల ఎత్తుంటే 24 అడుగులు కావాలి. అది కుదరదు. కాబట్టి ముందు మనిషిని దించి, ఖాళీ బండినే ఎక్కించాలి.

90 కిలోల బండిని 6 అడుగుల ర్యాంపు మీద నెట్టాలంటే దాదాపు 30 కిలోల బలం కావాలి. 8 అడుగులదైతే 23 కిలోలు చాలు. పొట్టి ర్యాంపు ధర తక్కువే, కాని ఆ మిగులు నెట్టేవారి నడుము మీద పడుతుంది.

కొనేటప్పుడు, చేయించేటప్పుడు

1. ట్రాలీ ఎత్తు, బండి వెడల్పు, బండి బరువు కొలిచి రాసుకోండి.

2. రెండు పట్టాల ర్యాంపు మూడు చక్రాల బండికి పనికిరాదు. ముందు చక్రానికి దారి ఉండదు. పూర్తి వెడల్పు పలక గాని, మూడు పట్టాలు గాని తీసుకోండి.

3. బండి బరువుతో పాటు నెట్టే మనిషి బరువునూ ర్యాంపు మోయాలి.

4. పైచివర ట్రాలీకి తగులుకునే కొక్కెం, జారకుండా గొలుసు ఉండాలి. అంచులు రెండు అంగుళాలు లేచి ఉండాలి. పైభాగం గరుకుగా ఉండాలి.

5. వెల్డింగ్ షాపులో చేయిస్తే బండిని అక్కడికే తీసుకెళ్ళి ఎక్కించి చూడండి. పైచివర బండి అడుగుభాగం తగలకూడదు.

ఎక్కించేటప్పుడు

ఆటోకు హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాళ్ళు పెట్టండి. బండి తాళం తీసేయండి. బ్యాటరీ ఊడివచ్చేదైతే ముందే తీస్తే బరువు తగ్గుతుంది. ఒకరు పైనుండి తాడుతో పట్టాలి, ఇద్దరు చెరొక పక్కన నిలబడి నెట్టాలి. బండికి సరిగ్గా కింద ఎవరూ నిలబడకూడదు. ఎక్కాక బ్రేకు వేసి తాళ్ళతో బిగించండి.

రోడ్డు పక్క గట్టు ఉంటే ఆటోను దాని వైపు వెనక్కి పెట్టించండి. ఎత్తు సగం తగ్గితే శ్రమా సగం తగ్గుతుంది. మడతపడే మామూలు చక్రాల కుర్చీకి మాత్రం ర్యాంపు అక్కరలేదు, మడిచి ఎక్కిస్తే చాలు.

ఒక్కరికి భారమైతే నాలుగు కుటుంబాలు కలిసి ఒకటి చేయించుకోండి. కొలతల్లో సందేహముంటే చెకప్‌కు వచ్చినప్పుడు మమ్మల్ని అడగండి. ఇంట్లో ఆగిపోయిన ఆ ఒక్కరు మళ్ళీ గేటు దాటి రావాలన్నదే మా కోరిక.