బ్యాటరీ చచ్చేది గాల్లో కాదు, బీరువాలో

అలిపిరి పాదాల మండపం నుంచి తిరుమలకు 3,550 మెట్లు. ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 60 కిలోల మనిషిని అంత ఎత్తుకు చేర్చడానికి భౌతికశాస్త్రం అడిగే కనీస శక్తి 114 వాట్-అవర్లు. మోకాళ్ల నొప్పి, మోకాళ్ల పర్వతం దగ్గర తాగే సోడా ఈ లెక్కలో లేవు.

మా ఇంట్లో ఉన్న 450 సైజు ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) హెలికాప్టర్‌కు పెట్టే లైపో బ్యాటరీ, అంటే లిథియం పాలిమర్ ప్యాక్, 200 గ్రాములు కూడా తూగదు. దానిలో నిండుగా ఉండే శక్తి 24.4 వాట్-అవర్లు. సగటు లెక్కన ఒక మనిషిని 750 మెట్లు ఎక్కించేంత! 700 సైజు పెద్ద హెలికాప్టర్‌కు రెండు ప్యాకులు జతచేసి పెడతారు. ఆ జతలో 222 వాట్-అవర్లు ఉంటాయి. ఇద్దరిని దాదాపు కొండమీది దాకా చేర్చే శక్తి అది. దానికి గట్టి డబ్బా కూడా ఉండదు. ప్లాస్టిక్ పూత వేసిన అల్యూమినియం రేకు సంచిలో, గోరు గట్టిగా దిగితే చిరిగే పొరలో ఉంటుంది. ఆ సంచి వల్లే అది అంత తేలిక, అందుకే హెలికాప్టర్ ఎగురుతోంది. భయపడాల్సింది కూడా ఆ సంచి వల్లే.

ఈ వాట్-అవర్ల లెక్క ప్యాక్ మీదే ఉంటుంది. నా దాని మీద ‘3ఎస్, 11.1 వోల్టులు, 2200 ఎంఏహెచ్, 30సి’ అని రాసుంది. 3ఎస్ అంటే మూడు సెల్లు వరసగా కలిపారని అర్థం. ఒక్కో సెల్లు 3.7 వోల్టులు, మూడూ కలిపి 11.1. 2200 ఎంఏహెచ్ అంటే 2.2 ఆంపియర్-అవర్లు, దానితో గుణిస్తే 24.42. ఇదే గుణకారం కర్మాగారాలకూ పనికొస్తుంది. మన తిరుపతిలోనే మునోత్ ఇండస్ట్రీస్ వారి లిథియం అయాన్ సెల్ కర్మాగారంలో 2022 సెప్టెంబరు 16న ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదని కేంద్ర ప్రభుత్వం అప్పుడు చెప్పింది. పెట్టుబడి 165 కోట్ల రూపాయలు, సామర్థ్యం ఏడాదికి 270 మెగావాట్-అవర్లు, రోజుకు 10 ఆంపియర్-అవర్ల సెల్లు 20,000. నమ్మాలా వద్దా? 20,000ను 10తో, 3.7తో, 365 రోజులతో గుణించండి. 270 మెగావాట్-అవర్లే వస్తాయి. లేబుల్ మీద నమ్మదగిన అంకెలు వోల్టులు, ఆంపియర్-అవర్లు.

నమ్మకూడనిది ‘సి’. 1సి అంటే బ్యాటరీ మొత్తాన్ని గంటలో ఖాళీ చేసే కరెంటు, నా ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు. 30సి అంటే 66 ఆంపియర్లు. అంత నిరంతరం లాగితే రెండు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. ఇంతకూ నేను వాడేదెంత? ఆరు నిమిషాల ఎగురుడులో 1760 ఎంఏహెచ్ ఖర్చవుతుంది, సగటున 17.6 ఆంపియర్లు, అంటే 8సి. గీజర్ సాకెట్ మీద 15 లేదా 16 ఆంపియర్లని రాసి ఉంటుంది, గుర్తు చేసుకోండి. వోల్టులు తక్కువే గానీ ఈ అరచేతి ప్యాక్ తీగల్లో పారే కరెంటు దాన్ని మించింది. కనెక్టర్ టంకం సరిగ్గా లేకపోతే ముందు కాలేది అక్కడే. ‘సి’ కొలవడానికి అందరూ ఒప్పుకున్న పద్ధతంటూ లేదు కాబట్టి 60సి అని స్టిక్కర్ అంటించడానికి స్టిక్కర్ ఖర్చు తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఇక ఛార్జింగు. సెల్లుకు 4.20 వోల్టులు పైహద్దు. ఛార్జర్ మొదట స్థిరమైన కరెంటు పంపుతుంది. సెల్లు 4.20 దగ్గరికి రాగానే వోల్టేజిని అక్కడే పట్టి ఉంచి కరెంటును తగ్గించుకుంటూ పోతుంది. బిందె మెడ దాకా వచ్చాక కొళాయి సన్నగా తిప్పినట్టు. 1సి దగ్గర పెడితే గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. తయారీదారు 3సి, 5సి దాకా పర్లేదని రాసినా నేను 1సి దాటను. ఆరు నిమిషాల ఆట కోసం గంట కాచుకోలేకపోతే రెండో ప్యాక్ కొనుక్కోవడం మేలు.

ఛార్జర్ కొనేటప్పుడు ఆంపియర్లు కాదు, వాట్లు చూడండి. నా ప్యాక్‌కు 2.2 ఆంపియర్లు, 12.6 వోల్టులు, అంటే 28 వాట్లు చాలు. అదే 6ఎస్ 5000 ఎంఏహెచ్ ప్యాక్‌కు 5 ఆంపియర్లు, 25.2 వోల్టులు: 126 వాట్లు. 50 వాట్ల ఛార్జర్ దానికి 2 ఆంపియర్ల కంటే ఎక్కువ ఇవ్వలేదు. గంట పని రెండున్నర గంటలు దాటుతుంది.

ప్యాక్‌కు రెండు లావు తీగలతో పాటు ఒక తెల్ల ప్లగ్గు వేలాడుతుంటుంది. 3ఎస్‌కు అందులో నాలుగు సన్నటి తీగలుంటాయి. అది బ్యాలెన్స్ ప్లగ్గు. దాన్ని పెట్టకుండా ఛార్జి చేసేవాళ్లు ఈ లెక్క చూడాలి: 4.20, 4.20, 4.20 కలిపితే 12.60. 4.30, 4.20, 4.10 కలిపినా 12.60. మొత్తం మాత్రమే చూసే ఛార్జర్‌కు రెండూ ఒకటే. రెండో దానిలో మొదటి సెల్లు పైహద్దు దాటిపోయింది. లోపల యానోడ్ మీద లిథియం లోహంలా పేరుకుంటుంది, ద్రావణం విడిపోయి వాయువు పుడుతుంది, సంచి ఉబ్బుతుంది. ఛార్జి పూర్తయ్యాక సెల్లుల మధ్య తేడా 0.01 నుంచి 0.03 వోల్టుల లోపు ఉండాలి. ప్రతిసారీ ఒకే సెల్లు వెనకబడుతుంటే దాని పని అయిపోవస్తోందన్నమాట.

కిందిహద్దు 3.0 వోల్టులు. అంతకంటే దిగితే సెల్లు దెబ్బతింటుంది, మరీ లోతుగా దిగితే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. అలాంటి ప్యాక్‌ను మళ్లీ ‘లేపడం’ చూపించే వీడియోలు చాలా ఉన్నాయి. లేచినదాన్ని మీ ఇంట్లో పెట్టుకోవాలా అన్నది వాటిలో ఉండదు. ఆచరణలో హద్దు ఇంకా పైనే: 80 శాతం వాడి దిగిపోవాలి. 2200లో 1760. ఎగురుతుండగా వోల్టేజి చూసి నిర్ణయించబోతే మోసపోతాం. భారం మీద 3.5 చూపిన సెల్లు, దించి రెండు నిమిషాలు ఆగితే 3.75కు లేస్తుంది. అందుకే రిమోట్‌లో టైమరు పెట్టుకోవాలి. మొదటిసారి నాలుగు నిమిషాలకే దించి, ఛార్జర్ తిరిగి ఎంత నింపిందో చూసి, ఆ లెక్కతో టైమరు పెంచుకుంటూ పోవాలి. దిగి కాసేపయ్యాక సెల్లు 3.75 దగ్గర ఉంటే సరిగ్గా దిగినట్టు.

ఇంతవరకూ చెప్పినవి చాలామంది పాటిస్తారు. ప్యాకులు పోయేది ఇక్కడ కాదు, వాడకుండా దాచిపెట్టినప్పుడు.

తిరుపతిలో బ్యాటరీ అంటే అమరరాజా. 1985లో గల్లా రామచంద్రనాయుడు మొదలుపెట్టిన సంస్థ, కరకంబాడి కర్మాగారం, ఇంటింటికీ తెలిసిన అమరాన్ పేరు. కాబట్టి మనకు బ్యాటరీ అలవాట్లన్నీ సీసం బ్యాటరీతో వచ్చినవే: ఇన్వర్టరు ఎప్పుడూ ఫుల్లుగా ఉండాలి, కారు వాడకపోయినా అప్పుడప్పుడు స్టార్టు చేసి నింపుతుండాలి. సీసానికి అది నిజం. సగం ఖాళీగా వదిలేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి చచ్చిపోతుంది. లిథియానికి సరిగ్గా తలకిందులు. దానికి నిండుగా కూర్చోవడమే శిక్ష. ఇన్వర్టరు నేర్పిన క్రమశిక్షణే లైపోను చంపుతోంది. (అమరరాజా కూడా ఇప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం సెల్లుల కోసం గిగా కారిడార్ కడుతోంది. 2023 మేలో శంకుస్థాపన, ప్రకటించిన పెట్టుబడి 9,500 కోట్లు. కొత్త రసాయనానికి ఊరి అలవాట్లు మారడానికి మాత్రం ఇంకా సమయం పట్టేలా ఉంది.)

లిథియం అయాన్ సెల్లుల నిల్వ గురించి బ్యాటరీ లోకంలో తరచూ చెప్పుకొనే అంకెలున్నాయి. 25 డిగ్రీల దగ్గర 40 శాతం ఛార్జితో ఏడాది ఉంచితే సామర్థ్యం 96 శాతం మిగులుతుంది. నిండుగా ఉంచితే 80. 40 డిగ్రీల దగ్గర అదే ఏడాదికి 40 శాతం ఛార్జితో 85, నిండుగా 65. 60 డిగ్రీల దగ్గర నిండుగా ఉంచితే మూడు నెలలకే 60. ఒక్కసారి కూడా ఎగరేయకుండానే!

ఇప్పుడు మే నెల తిరుపతిని తలుచుకోండి. బయట 40 దాటడం మనకు వార్త కాదు. ఎండలో అద్దాలు ఎత్తి నిలిపిన కారు లోపల గంటలో ఇంకో 20 డిగ్రీలు చేరతాయి. పై అంకెల్లో చివరిది సరిగ్గా అదే. నా మొదటి ప్యాక్ అలాగే పోయింది. శనివారం రాత్రి నిండా ఛార్జి చేశాను, ఆదివారం గాలి ఎక్కువైంది, స్కూటర్ డిక్కీలో పెట్టిన ప్యాక్‌ను అక్కడే మరచిపోయాను. పది రోజుల తరవాత తీస్తే పొంగిన పూరీలా ఉంది. తప్పు ఎవరిదీ కాదు, నాదే.

పరిష్కారం ఒక అంకె: 3.80 నుంచి 3.85. సెల్లు అక్కడ ఉంటే సుమారు సగం ఛార్జి ఉన్నట్టు, నిల్వకు అదే సుఖం. మంచి ఛార్జర్లన్నిటిలో ‘స్టోరేజ్’ అనే మోడ్ ఉంటుంది. దాన్ని జనం ఎందుకు వాడరో కూడా లెక్కే చెబుతుంది. నిండిన 2200 ప్యాక్‌ను సగానికి దించాలంటే 12 వాట్-అవర్లు వదిలించుకోవాలి. చిన్న ఛార్జర్ లోపల ఖర్చు చేయగలిగేది 5 వాట్లే. రెండున్నర గంటలు. ఓపికుండదు. మోటారు పార్టుల అంగడిలో దొరికే 12 వోల్టుల, 21 వాట్ల ఇండికేటర్ బల్బు తగిలిస్తే అరగంటలో అవుతుంది. కానీ బల్బుకు ఆగడం తెలీదు, 3.0 కిందికీ లాగేస్తుంది. పక్కన కూర్చుని మీటరుతో చూస్తూ దించగలిగితేనే ఈ దారి. అన్నిటికంటే తేలికైంది ఎగరేసే ముందురోజు రాత్రి కాదు, ఆ పొద్దున్నే ఛార్జి పెట్టుకోవడం.

వేడిగా ఉన్న ప్యాక్‌కు ఛార్జి పెట్టకూడదు. పట్టుకుంటే వెచ్చగా లేదనిపించేదాకా ఆగాలి. ప్యాక్ వేడి 60 డిగ్రీలు దాటేలా ఎగరేయకూడదు.

ముసలితనం కొలవడానికి లోపలి నిరోధం చూడాలి. చాలా ఛార్జర్లు మిల్లీ ఓముల్లో చూపిస్తాయి. సెల్లుకు 5 మిల్లీ ఓములున్నప్పుడు 50 ఆంపియర్లు ఒక్కసారి లాగితే 0.25 వోల్టు పడిపోతుంది. అదే 15 అయ్యాక 0.75 పడిపోతుంది, ఆ నష్టమంతా వేడి. కొన్న రోజే ఆ అంకె మార్కరుతో ప్యాక్ మీద రాసుకోండి. రెట్టింపైతే హెలికాప్టర్ నుంచి పెన్షను ఇచ్చేయాలి.

అలిపిరి డిపోలో ఛార్జి పెట్టుకునే ఎలక్ట్రిక్ బస్సులను చూసి ‘వాటిలో ఉండేదీ ఇదే గదా, భయం లేదా’ అని అడుగుతుంటారు. 2022 సెప్టెంబరు 27న తిరుమల ఘాట్‌కు మొదలైన ఆ ఒలెక్ట్రా బస్సుల్లోది లిథియం ఐరన్ ఫాస్ఫేట్. సెల్లుకు 3.2 వోల్టులు, పైహద్దు 3.65. బరువు ఎక్కువ, వేడికి ఓర్పు ఎక్కువ, అంత తొందరగా మంటలు లేవవు. మన ప్యాకుల్లో సాధారణంగా ఉండేది కోబాల్ట్ ఆక్సైడు రకం, వేడెక్కితే తనే ఆక్సిజన్ వదిలి తన మంటకు తనే గాలి ఊదుకుంటుంది. ఛార్జర్‌లో రెండు రకాలకూ వేర్వేరు మోడ్‌లు ఉంటాయి. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లును పొరపాటున లైపో మోడ్‌లో పెడితే 3.65 దగ్గర ఆగాల్సింది 4.20 దాకా తోస్తుంది. బటన్ నొక్కే ముందు తెర మీది పేరు పైకి చదవండి, నేను ఇప్పటికీ చదువుతాను.

మనిషి లేకుండా, నిద్రపోతూ, పరుపు మీద, చెక్క బల్ల మీద ఛార్జి పెట్టొద్దు. మూత బిగించని మట్టి కుండలో, కింద ఇసుక పోసి పెడితే, మంట ఆపుతుందని అమ్మే లైపో సంచి కంటే నమ్మకం. అంటుకుంటే వచ్చే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ ఉంటుంది. వీరత్వం వద్దు, బయటికి వచ్చి 101కి ఫోన్ చేయండి. ఉబ్బినదాన్ని సూదితో పొడిచి గాలి తీయొద్దు. చచ్చినదాన్ని చెత్తబండిలో వేయొద్దు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు లిథియం రకాలకూ వర్తిస్తాయి, సేకరణ కేంద్రానికే ఇవ్వాలి.

రేణిగుంటలో విమానం ఎక్కేటప్పుడు 100 వాట్-అవర్ల లోపు విడి ప్యాకులు చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. 100 నుంచి 160 దాకా విమాన సంస్థ అనుమతి కావాలి. 6ఎస్ 5000 ప్యాక్ 111, అడగాలి. 6ఎస్ 4500 ప్యాక్ 99.9, అడగక్కర్లేదు. కొండమీదికి మాత్రం ఏ సైజు హెలికాప్టరూ వద్దు, తిరుమలలో డ్రోన్లు నిషేధం. మిగతా చోట్ల, డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై పటంలో రంగు చూసుకుని ఎగరేయండి.

ఈ ఆదివారం ఎగరేయడం లేదా? అయితే ఇవాళ రాత్రి బీరువాలోంచి ప్యాక్ తీసి మీటరు పెట్టండి. సెల్లుకు 3.85 దాటి ఉంటే దించేశాకే పడుకోండి.