బిగించాలి... బిగదీయకూడదు!

లాంగ్‌రైడ్‌కి వెళ్లాలని ముచ్చటపడి పెట్టించుకున్న విండ్‌షీల్డ్‌ పట్టుమని పది రోజులు కాకుండానే టకటకలాడటం మొదలుపెడుతుంది. స్పానర్‌ తీసుకుని బలంగా తిప్పేస్తే శబ్దం ఆగుతుందేమో కానీ అద్దం మిగలదు. మరేం చేయాలి?

శనివారం తెల్లవారుజామున నాలుగున్నర. ఓ కుర్రాడు బుల్లెట్‌ మీద హైదరాబాద్‌ నుంచి విజయవాడకి బయల్దేరాడనుకోండి. వెనకసీట్లో భార్య. పక్కన సంచుల్లో రెండు రోజులకు సరిపడా బట్టలు. వారం కిందటే బండికి కొత్త విండ్‌షీల్డ్‌ పెట్టించాడు. ఎల్బీనగర్‌ దాటేదాకా అంతా బాగానే ఉంది. చౌటుప్పల్‌ దగ్గర బండి 80 అందుకోగానే మొదలైంది... ‘టక్‌ టక్‌ టక్‌’. చిట్యాలకి వచ్చేసరికి అద్దం పైఅంచు తల ఊపుతోంది. అంతలో పక్కనుంచి ఓ బస్సు దూసుకుపోయింది. ఆ గాలికి అద్దం ఒక్కసారిగా వెనక్కి వాలి మళ్లీ ముందుకొచ్చింది. దాంతోపాటే చేతుల్లో హ్యాండిలూ వణికింది. వెనక కూర్చున్న అమ్మాయి అతని భుజం గట్టిగా పట్టుకుంది.

రోడ్డు పక్కన ఆపి, స్పానర్‌ తీసి, నాలుగు నట్లనీ శక్తికొద్దీ బిగించాడు. శబ్దం ఆగిపోయింది. హమ్మయ్య అనుకుని మళ్లీ బయల్దేరాడు. సూర్యాపేట ఇంకా రానేలేదు... ‘ఠప్‌’! బోల్టు రంధ్రం దగ్గర్నుంచి అంచు దాకా అద్దం నిలువునా చీలింది.

బయట కొన్న విండ్‌షీల్డ్‌ వాడేవాళ్లలో చాలామందికి ఈ కథ కొత్తేమీ కాదు. తప్పు బిగించడంలో లేదు. ఏది వదులైందో చూడకుండా చేతికి అందినదల్లా బిగించేయడంలో ఉంది.

గాలి బరువెంత?

బైకు మీద గంటల తరబడి వెళ్లేవాళ్లని అలసటకి గురిచేసేది రోడ్డొక్కటే కాదు, గాలి కూడా. ఛాతీ మీద ఆగకుండా తోస్తూనే ఉంటుంది. దాన్ని తట్టుకోవడానికి చేతులూ మెడా బిగుసుకుపోతాయి. ఆ భారాన్ని తన మీద వేసుకోవడానికే విండ్‌షీల్డ్‌.

ఆ భారం వేగంతో పాటు ఎంతెంత పెరుగుతుందో తెలిస్తే ఆశ్చర్యమేస్తుంది. వేగం రెట్టింపైతే గాలి తాకిడి నాలుగు రెట్లవుతుంది. 45 సెంటీమీటర్ల ఎత్తూ, అంతే వెడల్పూ ఉన్న అద్దం నిటారుగా నిలబడి ఉందనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో దానిమీద పడే తోపు స్థూలంగా ఒకటిన్నర కిలోల బరువుతో సమానం. 80కి వెళితే 6 కిలోలు. 100 దాటితే 9 కిలోలకు పైమాటే. అద్దం వాలుగా ఉంటే ఇది కొంత తగ్గుతుంది. అంటే వీధిలో తిరిగినప్పుడు బాగానే ఉన్న బిగింపు హైవే ఎక్కగానే ఎందుకు మొరాయిస్తుందో అర్థమైపోయినట్టే!

ఈ సంగతి బాగా తెలిసిన వ్యక్తి అమెరికాకి చెందిన క్రెయిగ్‌ వెటర్‌. 1971లో ఆయన తెచ్చిన ‘విండ్‌జామర్‌’ అనే గాలితొడుగు అక్కడి లాంగ్‌రైడర్లకి తెగ నచ్చేసింది. అది హ్యాండిల్‌కి కాదు, బండి ఫ్రేముకి బిగించేది. హోండా గోల్డ్‌వింగ్‌ 1975లో మార్కెట్లోకి వచ్చినప్పుడు దానికి ముందు ఎలాంటి తొడుగూ లేదు. కావాల్సినవాళ్లు బయట కొని పెట్టించుకునేవారు. 1980లో కానీ కంపెనీయే తొడుగుతో కూడిన ‘ఇంటర్‌స్టేట్‌’ మోడల్‌ని తీసుకురాలేదు.

మన దగ్గర కోఠి పుత్లీబౌలి లాంటి చోట్ల దొరికే విండ్‌షీల్డ్‌ల కథ వేరు. వాటిలో చాలావరకూ ఫలానా బండి కోసమని చేసినవి కావు. ఏ హ్యాండిల్‌కైనా పట్టేలా క్లాంపులిస్తారు. ‘అన్నిటికీ సరిపోతుంది’ అంటే దేనికీ అచ్చంగా సరిపోదనే కదా. ఆ తేడాని సర్దుకోవడం మన వంతు.

గంటకు 1,80,000 సార్లు

గాలి ముందు నుంచి తోస్తుంటే, కింద నుంచి ఇంజిన్‌ ఊపుతుంటుంది. సింగిల్‌ సిలిండర్‌ బండి ఇంజిన్‌ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతోందంటే సెకనుకు 50 సార్లు. గంట ప్రయాణంలో 1,80,000 సార్లు! ప్రతిసారీ హ్యాండిల్‌కి ఓ చిన్న కుదుపు అందుతూనే ఉంటుంది.

బోల్టుకి అసలు శత్రువు దాన్ని పొడవునా లాగే బలం కాదు, పక్కకి జరిపే కదలిక. బిగించిన రెండు భాగాలూ ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి అటూఇటూ జారినా చాలు... నట్టు తనంతట తనే వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది. జర్మన్‌ ఇంజినీర్‌ గెర్హార్డ్‌ యుంకర్‌ 1969లో ఈ విషయాన్ని ప్రయోగాలతో నిరూపించాడు. నట్లు ఊడకుండా ఉంటాయని మనం నమ్మే మామూలు స్ప్రింగ్‌ వాషర్లు అలాంటి పరీక్షల్లో పెద్దగా ఆదుకోవు.

మరి ఇంకా గట్టిగా బిగిస్తే? అక్కడే ఉంది తిరకాసు. ఇనుముకైతే ఆ మాట చెల్లుతుంది. ఇక్కడ మధ్యలో ఉన్నది ప్లాస్టిక్‌.

ప్లాస్టిక్‌కీ చోటు కావాలి

మనం అద్దమని పిలుస్తాం కానీ విండ్‌షీల్డ్‌ గాజుతో చేసింది కాదు. అయితే యాక్రిలిక్‌, లేదంటే పాలీకార్బొనేట్‌. మొదటిది 1933లోనే ‘ప్లెక్సిగ్లాస్‌’ పేరుతో జర్మనీలో పుట్టింది. రెండోదాన్ని 1953లో బేయర్‌ కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెర్మన్‌ ష్నెల్‌ తయారుచేశాడు. దాదాపు అదే సమయంలో అమెరికాలో డేనియల్‌ ఫాక్స్‌ కూడా విడిగా కనిపెట్టాడు. యాక్రిలిక్‌ మీద గీతలు తక్కువ పడతాయి, దెబ్బ తగిలితే మాత్రం పగులుతుంది. పాలీకార్బొనేట్‌ దెబ్బకి తట్టుకుంటుంది, గీతలు తొందరగా పడతాయి.

రెండూ ఎండకి బాగా సాగుతాయి. మే నెలలో మిట్టమధ్యాహ్నం ఎండలో ఆపిన బండి మీది అద్దం, తెల్లవారుజాముతో పోలిస్తే 30 డిగ్రీలు వేడెక్కడం పెద్ద విషయం కాదు. ఆ తేడాకి అరమీటరు పొడవున్న పాలీకార్బొనేట్‌ సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. అంతే పొడవున్న ఉక్కు పట్టీ పెరిగేది అందులో దాదాపు ఐదోవంతే. కాబట్టి బోల్టు కన్నా రంధ్రం కాస్త పెద్దగా ఉండాలి. ఆ ఖాళీలో రబ్బరు ఉండాలి. అలా కాకుండా ఇనప వాషర్‌తో నొక్కిపెట్టి బిగిస్తే సాగడానికి చోటులేక, రంధ్రం అంచునే సన్నటి పగులు పుడుతుంది. రోజుకింత పాకుతూ చివరికి ఏ హైవే మీదో బయటపడుతుంది.

అంటే విండ్‌షీల్డ్‌ని నిలబెట్టేది బోల్టు మాత్రమే కాదు... రెండు రూపాయల రబ్బరు ముక్క కూడా. అది ఎండకి ఎండి, గట్టిపడి, నలిగిపోయాక ఎంత బిగించినా వృథా.

ఇంతకీ కదిలేది ఏది?

స్పానర్‌ ముట్టుకునే ముందు రెండు నిమిషాలు వెచ్చించండి. ఇంజిన్‌ ఆపి, అద్దం పైఅంచుని రెండు వేళ్లతో పట్టుకుని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. రెండో చేతిని ఒక్కో అతుకు మీద ఉంచి చూడండి. అద్దానికీ పట్టీకీ మధ్య కదిలితే రబ్బరు పోయినట్టు. పట్టీకీ క్లాంపుకీ మధ్య కదిలితే నట్టు వదులైనట్టు. క్లాంపే హ్యాండిల్‌ చుట్టూ తిరుగుతుంటే సైజు కుదరలేదన్నమాట. హ్యాండిల్‌ గొట్టాల్లో 22 మిల్లీమీటర్లవీ, అంగుళంవీ ఉంటాయి. పెద్ద క్లాంపుని చిన్న గొట్టానికి పెడితే ఎంత బిగించినా పట్టు చిక్కదు.

వీటిలో ఏదీ కాకుండా మొత్తం హ్యాండిలే కదులుతోందా? అయితే గొడవ అద్దంలో లేదు. బండిని సెంటర్‌ స్టాండ్‌ వేసి, ఎవర్నైనా వెనకవైపు నొక్కమని ముందుచక్రాన్ని పైకి లేపండి. ఫోర్క్‌ కింది భాగాన్ని పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. ‘టక్‌’మంటే మెకానిక్కులు ‘కోన్‌ సెట్‌’ అని పిలిచే స్టీరింగ్‌ బేరింగులు వదులై ఉండొచ్చు. అప్పుడు అద్దం సంగతి తర్వాత, ముందు బండిని మెకానిక్‌ దగ్గరికి తీసుకెళ్లాలి. ఎందుకంటే వేగంలో హ్యాండిల్‌ కొట్టుకోవడం మొదలైతే బండిని అదుపు చేయడం కష్టం. ఆ రకంగా టకటకలాడే అద్దం ఒక్కోసారి మేలే చేస్తుంది.

వరస తప్పొద్దు

కదిలేది ఏదో తెలిశాక పని సులువే. అద్దాన్ని విప్పి, ప్రతి రంధ్రం చుట్టూ పగుళ్లున్నాయేమో వెలుతురులో పెట్టి చూడండి. పగులు కనిపిస్తే దాని కొసన రెండు మూడు మిల్లీమీటర్ల రంధ్రం వేస్తే కొన్నాళ్లు పాకకుండా ఆగుతుంది. కానీ అది ఇల్లు చేరడానికే తప్ప లాంగ్‌రైడ్‌కి పనికిరాదు.

హ్యాండిల్‌కున్న నూనె, దుమ్ము తుడిచి క్లాంపు పెట్టండి. సైజు తేడా ఉంటే దానికి సరిపోయే రబ్బరు తొడుగు వేయండి. పాత ట్యూబు ముక్క అప్పటికి ఆదుకుంటుంది కానీ కొన్నాళ్లకి నలిగి పల్చబడుతుంది. ఇక అద్దం దగ్గర వరస ఇదీ: బోల్టు, రబ్బరు వాషర్‌, అద్దం, మళ్లీ రబ్బరు వాషర్‌, పట్టీ, ఇనప వాషర్‌, చివర నైలాక్‌ నట్టు. లోపల నైలాన్‌ రింగు ఉండే ఈ నట్టు పూర్తిగా బిగియకపోయినా వెనక్కి తిరగదు. ఇక్కడ మనకి కావాల్సిందీ అదే. నాలుగైదు సార్లు విప్పి బిగించాక రింగు అరుగుతుంది కాబట్టి కొత్తది వేయడం మంచిది.

ముందు అన్ని నట్లనీ చేత్తోనే తిప్పి వదిలేయండి. అద్దం రెండువైపులా సమానంగా ఉందో లేదో దూరం నుంచి చూసుకుని, అప్పుడు ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలల వరసలో బిగించండి. రబ్బరు అంచు కొద్దిగా ఉబ్బడం మొదలవగానే ఆగిపోవాలి. ఆ తర్వాత ఒక్క చుట్టు తిప్పినా అది అద్దానికి చేటే.

అంతా అయ్యాక హ్యాండిల్‌ని ఇటు చివరి నుంచి అటు చివరి దాకా తిప్పండి. క్లచ్‌, బ్రేక్‌, యాక్సిలరేటర్‌ వైర్లు ఎక్కడా లాగినట్టు ఉండకూడదు. బండి స్టార్ట్‌ చేసి తిప్పినప్పుడు ఇంజిన్‌ రేజ్‌ అవుతుంటే యాక్సిలరేటర్‌ వైరు పట్టేస్తోందని అర్థం. అలా వదిలేస్తే ఏ మలుపులోనో ప్రమాదమే. అద్దం పైఅంచు కళ్లకంటే కిందికి ఉండేలా చూసుకోండి. రోడ్డుని అద్దం పైనుంచి చూడాలి కానీ అద్దంలోంచి కాదు. రాత్రి వానలో ఎదురుగా లైట్లు పడితే ఆ తేడా ఏంటో తెలుస్తుంది.

ఆ నీలి చుక్కతో జాగ్రత్త

నట్లు ఊడకుండా మరలమీద వేసే ‘లాక్‌టైట్‌’ లాంటి ద్రావకాలు చాలామందికి తెలుసు. అమెరికాలోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్‌ వెర్నన్‌ క్రీబుల్‌ 1953లో రూపొందించిన ఈ ద్రావకానికో చిత్రమైన గుణముంది. గాలి తగులుతున్నంతసేపూ ద్రవంగానే ఉంటుంది. ఇనప మరల మధ్య గాలి అందకపోతే గట్టిపడుతుంది. సీసా నిండా నింపకుండా గాలికి చోటు వదిలేది అందుకే.

క్లాంపు బోల్టులకి నీలిరంగుది ఒక్క చుక్క చాలు. ఎర్రరంగుది వేస్తే వేడి చేస్తే తప్ప ఊడదు. అద్దం దగ్గరి బోల్టులకి మాత్రం రెండూ వద్దు. ప్లాస్టిక్‌కి తగిలితే అది పెళుసై, బోల్టు చుట్టూ పగుళ్లు వస్తాయి. వదులైందని వేసిన మందే అద్దాన్ని చీల్చేస్తుందన్నమాట.

తుడవడంలోనూ ఇదే జాగ్రత్త. జిడ్డు వదలాలని పెట్రోలు, థిన్నర్‌ పూయడం, అమ్మోనియా కలిసిన గాజు క్లీనర్లు కొట్టడం వద్దు. పొడిగుడ్డతో దుమ్ము రుద్దితే గీతలు పడతాయి. ముందు నీళ్లు పోసి, సబ్బునీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు.

దారిలో వదులైతే...

ఎంత జాగ్రత్తపడినా హైవే మీద టకటక వినిపించొచ్చు. వెంటనే వేగం తగ్గించి, రోడ్డు వారగా, ట్రాఫిక్‌కి దూరంగా ఆపండి. ఒక చేత్తో అద్దాన్ని పట్టుకుని నడుపుతూ వెళ్దామని మాత్రం అనుకోవద్దు. అప్పుడు బండిని అదుపు చేయడం కష్టం. సంచిలో ఒక స్పానర్‌, అల్లెన్‌ కీ, రెండు నైలాక్‌ నట్లు, నాలుగు రబ్బరు వాషర్లు, పది ప్లాస్టిక్‌ ట్యాగులు ఉంటే చాలావరకు అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. పగులు కనిపిస్తే మొహమాటం లేకుండా విప్పి, దుప్పట్లో చుట్టి వెనక కట్టేసుకోండి. ఆ కాస్త దూరం గాలి కొట్టినా ఫర్వాలేదు. పగిలిన ముక్క మొహం మీదికి రాకపోతే చాలు.

కొత్తగా బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి మరోసారి సరిచూసుకోవాలి. రబ్బరు సర్దుకునేది అప్పుడే. నట్టు కదిలిందో లేదో తెలుసుకోవడానికి ఖర్చులేని ఉపాయం ఒకటుంది. నట్టు మీదుగా పట్టీ దాకా సన్నగా ఒక రంగు గీత గీయండి. విమానాల బోల్టులకీ ఇలాగే గీస్తారు. టీ తాగడానికి ఆగినప్పుడల్లా ఒక్క చూపు చాలు. గీత కలిసే ఉంటే నట్టు కదల్లేదు. విరిగినట్టు కనిపిస్తే మాత్రం స్పానర్‌ తీయాల్సిందే.

ఆ గీతకి ప్రత్యేకంగా రంగు కొనక్కర్లేదు. వెనకసీట్లో కూర్చునే ఆవిడ నెయిల్‌పాలిష్‌ సరిపోతుంది. కాస్త అడిగి తీసుకోండి. ఎందుకని అడిగితే నిజమే చెప్పండి... ఈసారి మీ భుజం అంత గట్టిగా పట్టుకోవాల్సిన అవసరం రాకుండా ఉండటానికని!