మీకు తెలుసా? గోగునారతో నడిచిన గోస్తనీ ఒడ్డు మిల్లు

గోంగూర ఆకు తుంచుకున్నాక కాడను పారేస్తాం. ఆ కాడలోని నారతో మన విశాఖ తీరాన ఒక పెద్ద మిల్లు తరాలపాటు నడిచిందని మీకు తెలుసా? భీమిలి దగ్గర గోస్తనీ ఒడ్డున ఉన్న చిట్టివలస జూట్‌మిల్లు అది. 19వ శతాబ్దంలోనే మొదలైంది.

బెంగాల్ జనపనార వేరు, మన గోగు వేరు. గోగు బెండకూ మందారకూ చుట్టం. ఉత్తరాంధ్ర పల్లెల్లో పండిన ఈ నార భీమిలి రేవు నుంచి ఓడలెక్కేది. అందుకే ప్రపంచ మార్కెట్లో దానికి 'బిమ్లిపటం జూట్' అన్న పేరు స్థిరపడింది. వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఇప్పటికీ ఆ పేరు కనిపిస్తుంది.

నార తీయడం మాత్రం ఒళ్లు హూనమయ్యే పని. పూత దశలో గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి పైన బరువు పెడతారు. రెండు మూడు వారాలు ఊరితే, బెరడును కాడకు అంటిపెట్టిన జిగురును సూక్ష్మజీవులు కరిగించేస్తాయి. అప్పుడు ఆ మురుగు నీళ్లలోనే నిలబడి, కాడ మొదలు చితక్కొట్టి, నార ఒలిచి, జాడించి, దండేల మీద ఆరేస్తారు. ఊరిన గోగు కంపు ఒక పట్టాన ఒంటిని వదలదు. మిగిలిన పుల్లలు పొయ్యిలోకీ దడులకూ పనికొస్తాయి. మిల్లుకు చేరిన బిరుసు నారకు నూనె, నీళ్లు కలిపి పట్టించి మెత్తబరుస్తారు. ఆపైన దువ్వి, పురిపెట్టి, గోనెపట్టా నేస్తారు.

మరి ఇంత పేరున్న భీమిలి రేవు తర్వాత ఎందుకు వెనకబడింది? సగం జవాబు విశాఖలోని యారాడ కొండ దగ్గర దొరుకుతుంది. భీమిలిలో ఓడలు ఒడ్డుకు రాలేవు. దూరాన లంగరు వేస్తే, పడవల మీద సరుకు మోయాల్సిందే. 1890లలో వచ్చిన రైలు మార్గమూ విజయనగరం, వాల్తేరు మీదుగా సాగిపోయింది. విశాఖకు మాత్రం అలల తాకిడికి అడ్డంగా యారాడ కొండ ఉంది. అది చాలదని రెండు పాత ఓడలను దాని ముందు ముంచి అడ్డుకట్టగా చేశారు. 1933లో హార్బరు ప్రారంభమయ్యాక పెద్ద ఓడలన్నీ ఇటే మళ్లాయి.

రేవు తగ్గినా నారకు గిరాకీ పోలేదు. 1947 విభజనతో జనపనార పండే తూర్పు బెంగాల్ పాకిస్తాన్‌లోకి వెళ్లి, మిల్లులేమో కలకత్తాలో మిగిలాయి. ఆ లోటు పూడ్చడానికి దేశం మన గోగు వైపు చూసింది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పరిశోధన కేంద్రంలో గోగుజాతి పంటల మీద పరిశోధనలు సాగాయి. ధాన్యం, చక్కెర గోనె సంచుల్లోనే నింపేలా 1987లో కేంద్రం చట్టమూ చేసింది.

అయినా 2009లో చిట్టివలస మిల్లుకు లాకౌట్ పడింది. రావాల్సిన బకాయిల కోసం కార్మికులు ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. భీమిలి వెళ్లేవాళ్లు డచ్చి సమాధులు, లైట్‌హౌస్ చూసి వచ్చేస్తారు. ఈసారి చిట్టివలస దాకా వెళ్లండి. ఆ మిల్లులో పనిచేసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పేది ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.