ముఖచోరుల సంప్రదాయము

చైనాదేశమున జువాంగ్‌జి పేర వెలసిన ప్రాచీన గ్రంథమున, ఆఱవ అధ్యాయమున, మనోజ్ఞమైన సంవాదమొకటి కలదు. యెన్ హుయ్ అను శిష్యుడు కన్ఫ్యూషియస్ కడకు వచ్చి, తాను దయాధర్మములను మఱచితి ననియు, మఱికొన్నాళ్ళకు ఆచారములను సంగీతమును మఱచితి ననియు, తుదకు కూర్చుండి సర్వమును మఱచితి ననియు విన్నవింపగా, గురువు విస్మితుడై, ఇక నీవెంట నడచువాడను నేనే యనెనట. దేహమును, తెలివిని, నేనను తలంపును జారవిడిచి మహాపథమున లీనమగు ఈ స్థితికి చీనీభాషలో ‘జువో వాంగ్’ అని పేరు. తాంగ్ చక్రవర్తుల కాలమున సిమా చెంగ్‌జెన్ (647–735) అను తావో యోగి దీనిపై ప్రత్యేక గ్రంథమే రచించి, ఈ సాధనను ఏడు సోపానములుగా విభజించి చూపెను.

ఇంతటి పావననామమును మాయావుల ముఠాకు తగిలించిన నవల యొకటి 2021లో అంతర్జాలమున ధారావాహికగా మొదలై 2023లో ముగిసినది. దాని పేరు ‘దావ్ గుయ్ యి షియెన్’. కథానాయకుడైన లీ హువోవాంగ్ ఒకప్పుడు నేటి ఆసుపత్రిలో మతిచలించిన రోగి. మఱొకప్పుడు, మనుష్యులను వండి మాత్రలు చేయు గురువుగల భీకరలోకమున బందీ. ఏది సత్యమో, ఏది భ్రమయో అతనికే తెలియదు. అట్టివానికి ఎదురుపడినవారే జువో వాంగ్ సంప్రదాయులు. ధనమునకై మోసగించువారిని లోకము ఎఱుగును. వీరు మోసమునే తపస్సుగా, మోసపోయినవాని దిగ్భ్రమనే ప్రసాదముగా భావించుదురు. అన్యుల ముఖములను తొడుగుకొని తిరుగు వీరికి సొంతపేర్లు లేవు: మాజాంగ్ అను జూదపు బిళ్ళల పేర్లే వీరి పేర్లు. వారిలో ‘ఎఱ్ఱ మధ్యము’ అను బిళ్ళపేరు గలవాడు, ఆ బిళ్ళవు నీవే, మావాడవే నీవని నాయకునితో పలుకు ఘట్టమున నాకు కలిగిన భయము, రక్తపాతమును వర్ణించిన పుటలలో కలుగలేదు. తన మనస్సునే నమ్మలేనివానికి అంతకు మించిన ఆయుధమేల? రచయిత మూలసిద్ధాంతమును చక్కగా గ్రహించియే తలక్రిందులు చేసినాడని నా నిశ్చయము. నేనను దానిని మఱచిన యోగికి లోకమంతయు తానే యగును, నేనను దానిని మఱచిన వంచకునికి లోకమున ఎవని ముఖమైనను తనదే యగును.

ఈ ముఠా కొలుచు దేవత దౌమూ. ఈమె కల్పితదేవత కాదు. సప్తర్షిమండలమునకు తల్లిగా తావో మతస్థులు భక్తితో పూజించు బహుభుజమూర్తి. మన దేశమునుండి బౌద్ధముతో పయనించిన మారీచీదేవిని చైనావారు ఈమెతో ఏకము చేసిరి. మరీచి యనగా కిరణము. ఎండమావిని మనము మరీచిక యనుట ఆ పదమునుండియే. భ్రమను ఉపాసించువారి కథకు ఈ దేవత ఎంత తగియున్నదో తెలుగు పాఠకునికి వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని నవలలోని క్రౌర్యమును ఆమెకు అంటగట్టరాదు. బీజింగు నగరమున శ్వేతమేఘాలయమను తావో మందిరమున ఆమె నేటికిని, భక్తుల ఆయురారోగ్యములను కాచు తల్లిగనే కొలువుదీరి యున్నది.