గడ్డ యెక్కలేని బండి

నల్లగొండ నుండి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా పట్నమునకు పోవు బాటపై, బత్తాయి కోతల దినములలో, అర్ధరాత్రి దాటిన వేళ కొంతసేపు నిలుచుండి విన్నచో, బరువెత్తిన పికప్ బండ్లు ఒకదాని వెనుక నొకటిగా సాగిపోవు మ్రోత వినవచ్చును. గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్ 2021లో బాటసింగారమునకు తరలిన పిమ్మట బత్తాయి రైతులకు నగరములోనికి చొచ్చుకొనిపోవు శ్రమ తప్పినది గాని, తెల్లవారకముందే కాయ అచ్చట దిగవలెనను తొందర తప్పలేదు. ఆ మ్రోతల నడుమ నొక బండి ధ్వని వేరుగా చెవిని బడును. సమముగా వచ్చుచుండిన బండి, చిన్న యెత్తు రాగానే, త్రొక్కిన కాలికి బదులు పలుకక ఒక క్షణము ఆగును, ఆగి ముందునకొక కుదుపు కుదుపును, మరల ఆగును, దగ్గుతెర వచ్చిన వృద్ధుడు మెట్లెక్కినట్లు ఆ యెత్తు నెక్కును. "బండి గుంజుతలేదు", "రేస్ ఇస్తే జర్క్ కొడ్తుంది", "మిస్సింగ్ ఉంది" అను మూడు మాటలతో మా వైపు డ్రైవర్లు ఈ వ్యాధిని చెప్పుదురు.

మా మేనల్లుడు గుర్రంపోడు దిక్కున నాలుగెకరముల బత్తాయి తోట చేసుకొనుచు, చేతికందిన పాత పికప్ నొకదానిని కొని, తన కాయతోపాటు ఇరుగుపొరుగు రైతుల కాయను గూడ మోసి కిరాయి సంపాదించుకొనువాడు. బండి కుదుపుట మొదలిడిన వారమే యొక షెడ్డునకు కొనిపోగా, చూచినవారు చూచినంతనే నాజిళ్లు పోయినవనిరి, మార్పించినాడు. పది దినములు తిరుగక మునుపే కుదుపు మరల వచ్చినది. అయితే పంపు దింపవలెననిరి. దింపించి, పట్నము పంపి, సరిచేయించి తెప్పించినాడు. ఒక కోతకాలపు కిరాయి అంతయు దానికే చెల్లిపోయినను, గడ్డ మీద బండి తీరు ఇసుమంతయు మారలేదు. ఇందెవరును మోసము చేసిరని నేననను. కాని వెల హెచ్చైన భాగము నుండి మొదలిడి వెల తక్కువైన దానివైపునకు దిగివచ్చు పరీక్ష, కిరాయి మీద బ్రదుకువాని బండికి తగిన పరీక్ష కాదని మాత్రము గట్టిగా చెప్పుదును.

డీజిల్ ఇంజన్ స్వభావము కొంత తెలిసికొన్నచో ఈ మాట యెందుకన్నానో బోధపడును. పెట్రోలు ఇంజన్‌లో వలె ఇందు నిప్పురవ్వ నిచ్చు ప్లగ్గు లేదు. సిలిండరులోనికి పీల్చిన గాలిని పిస్టన్ తన బలముతో 18వ వంతునకో 20వ వంతునకో అణచివేయగా, ఆ గాలి 500 డిగ్రీలకు మించి కాగును; అట్లు కాగిన గాలిలోనికి నాజిల్ డీజిలును పొగమంచువలె చిమ్మగా, అది తనంతట తానే అంటుకొనును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మన్ ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ పట్టణమున సాధించి చూపిన సూత్రము ఇదియే, నేటికిని మారలేదు. కావున నిట్టి ఇంజన్‌కు కావలసినది చాలినంత గాలియు, చాలినంత డీజిలును. ఆ డీజిలు తగిన క్షణమున పడవలెను. ఖాళీ బండి చదునునేలపై పోవునపుడు వీని అవసరము స్వల్పము గనుక, కొరత యున్నను బయటపడదు. టన్నుకు పైబడిన కాయతో గడ్డ నెక్కునపుడు ఇంజన్ కడుపునిండ అడుగును. వేసవిలో సన్నని ధారగా వచ్చు నల్లా క్రింద ఒక బిందె నిండునేమో గాని ఇంటిల్లిపాదికి స్నానములు జరుగునా? అట్లే, అడిగినంత దొరకని ఇంజన్ తడబడును. పాలమూరు వైపు వారికి అచ్చంపేట దాటి మన్ననూరునకెక్కు ఘాటు ఇట్టి పరీక్షాస్థలము. అంతవరకు ఆరోగ్యముగా వచ్చిన బండ్లు అచ్చట తమ లోపమును దాచలేవు.

ఇంత తిరిగిన మీదట మా వాడు, దేవరకొండ రోడ్డు ప్రక్కన వేపచెట్టు నీడన పని చేసుకొను ఒక పెద్ద మెకానిక్ వద్దకు బండి తోలుకొనిపోయినాడు. ఆనాడు నేనును వెంట నుంటిని. ఆయన పానా ముట్టలేదు, బానెట్ ఎత్తలేదు. ముందు ప్రశ్న లడిగినాడు.

"ఎప్పుడు కొడ్తది బేటా? సల్లగున్నప్పుడా, కాగినంకనా? ఖాళీగున్నప్పుడా, లోడున్నప్పుడా?"

"లోడుతోటి గడ్డ మీదనే చాచా. పొద్దుగాల స్టార్ట్ అయితందుకు గూడ తిప్పలయితుంది."

"పొగ?"

"నల్లపొగ లేదు. ఎప్పుడన్న తెల్లగొస్తది."

"అయితే పంపు సంగతి తర్వాత సూద్దాం. టాంకి కాడికెళ్లి మొదలువెడదాం."

ఈ ప్రశ్నలలోనే వైద్యము సగము జరిగినదని నాకు తరువాత తెలిసినది. నల్లపొగ వచ్చినచో డీజిలుకు తగిన గాలి లేదని యర్థము. తెల్లపొగ వచ్చినచో డీజిలు సరిగా మండక పచ్చిగా పోవుచున్నదని గాని, దానిలో నీరు చేరినదని గాని యర్థము. నీలిపొగ ఇంజనాయిలు మండుటకు గుర్తు. రాత్రి నిలిపిన బండి ఉదయము మొరాయించి, ఎత్తు మీద కుదిపినచో, డీజిలు వచ్చు మార్గములో ఎచ్చటనో గాలి చొరబడుచున్నదని మొదట అనుమానింపవలెను. ఈ గాలి చొరబాటు మిక్కిలి మాయలమారి దోషము. టాంకి నుండి ఇంజన్ వైపునకు డీజిలు త్రోయబడుట లేదు, పీల్చబడుచున్నది. కాబట్టి దారిలోని రబ్బరు పైపునకు సన్నని పగులు పట్టిన, ఇంజన్ నడుచునపుడు డీజిలు బయటకు కారదు, బయటి గాలియే లోనికి పోవును. తడి కొరకు వెదకినవాని కేమియు కనబడదు. రాత్రి బండి నిలిచినపుడు ఆ పగులు ద్వారా గాలి చేరి, పైపులోని డీజిలు మెల్లగా టాంకిలోనికి జారిపోవును. తెల్లవారి స్టార్టర్ ఎంత త్రిప్పినను ఇంజన్ ఆకలితో నుండును. హ్యాండ్ పంపును ముప్పది నలుబది మారులు నొక్కి ఎయిర్ తీసినగాని లేవదు.

చాచా తన డబ్బాలో నుండి ఆసుపత్రిలో గ్లూకోజ్ ఎక్కించునటువంటి తెల్లని పారదర్శకపు గొట్టమును, దానికన్న కొంచెము లావైనదానిని, తీసి ఫిల్టరునకును పంపునకును నడుమ తగిలించి, ఇంజన్ నడిపించినాడు. నిదానముగా నడుచునపుడు ఆ గొట్టములో పసుపుపచ్చని డీజిలు కదలక నిలిచినట్లే యున్నది. నడుమ నెప్పుడో ఆవగింజంత బుడగ యొకటి పోవును. రేస్ పెంచుమనగానే బుడగలు పూసలదండ వలె వరుసగా పరుగెత్తినవి. ఆ దండ పోయిన ప్రతిసారియు ఇంజన్ ధ్వని తప్పినది. మేనల్లుడు ఆ గొట్టము వైపు చూచుచు మాటలాడలేదు. నాజిళ్లకును పంపునకును పోసిన ధనమును వాడు తలచుకొనుచున్నాడని నాకు తెలియును.

డీజిలు దారిలో గాలి లేనిచో తరువాత చూడవలసినది నీరు. మా పల్లెలలో వరికోత యంత్రములకును ట్రాక్టర్లకును డీజిలును డ్రమ్ములలో నిలువ చేయు వాడుక మెండు. పగటి యెండకు కాగి రాత్రి చలికి చల్లారు డ్రమ్ములోను, సగము ఖాళీగానుండు టాంకిలోను, గాలిలోని తేమ చెమటవలె పట్టి క్రిందికి దిగును. డీజిలు నీటికన్న తేలిక గనుక నీరు అడుగున చేరి, పీల్చు గొట్టమునకు ముందుగా నదియే అందును. దీనికి పరీక్ష సులభము. ఫిల్టరు అడుగున నుండు మరను వదులు చేసి, తెల్లని గాజుసీసాలోనికి గుక్కెడు డీజిలు పట్టి, అరగంట కదల్చక వెలుగులో నుంచినచో, నీరున్నచో అడుగున గాజుబిళ్లవలె వేరుగా తేరును. ఫిల్టరు వెల స్వల్పము. నియమిత కాలమునకు మార్చుటయే మేలు. కొందరు దానిని పెట్రోలులో కడిగి మరల బిగింతురు. ఆ కాగితపు మడతలలో చిక్కిన నలుసు కడిగినంత మాత్రమున పోదు.

టాంకి మూతకును ఒక పరీక్ష కలదు. డీజిలు తగ్గినకొలది లోనికి గాలి పోవలెను. ఆ సన్నని రంధ్రము దుమ్ముతోనో, కందిరీగ కట్టిన మట్టిగూటితోనో మూసికొనిన, టాంకి లోపల పీడనము తగ్గి డీజిలు రాకుండ పట్టుకొనును. కుదుపుచున్న బండిని నిలిపి మూత వదులు చేయగానే బుస్సుమని గాలి లోనికి పోయి, తరువాత బండి చక్కగా నడిచినచో, వ్యాధియు మందును ఒక్కచోటనే దొరకినట్లు.

ఇక దుమ్ము సంగతి. నల్లగొండ, పాలమూరు జిల్లాల ఎఱ్ఱ చల్కనేలలలో, గ్రానైటు క్వారీల చుట్టుప్రక్కల, వేసవిలో బండి వెనుక లేచు ధూళి యెంతటిదో ఇచ్చటివారికి చెప్పనక్కరలేదు. కంపెనీ పుస్తకములో వ్రాసిన కిలోమీటర్ల లెక్క తారురోడ్డు బండికి సరిపోవునేమో. తోటల బాటలలో తిరుగు బండికి ఎయిర్ ఫిల్టరును అంతకు చాల ముందుగానే చూడవలెను. నల్లపొగ చిమ్ముచు ఊపిరాడనట్లు నడుచు బండికి మొదటి చికిత్స ఇదియే. టర్బో ఉన్న బండియైనచో, టర్బో నుండి ఇంజన్‌కు గాలిని కొనిపోవు లావు రబ్బరు హోజ్ పైపును చేతితో తడిమి చూడవలెను. చిట్లినచోట నూనెచెమ్మ చేరి, దానిపై దుమ్ము పట్టి, నల్లని మచ్చ యేర్పడును, రేస్ ఇచ్చినపుడు ఈలవంటి శబ్దము వచ్చును.

ఇవి యన్నియు బాగున్నవని తేలిన పిమ్మటనే నాజిళ్లను, పంపును అనుమానింపవలెను. 1927లో జర్మనీలో బాష్ కంపెనీ ఈ పంపును పెద్ద యెత్తున తయారుచేయ నారంభించిన నాటినుండియే డీజిల్ ఇంజన్ లారీలకు అనుకూలమైనది. 1951లో బెంగుళూరున నెలకొన్న మైకో సంస్థ దానిని మన దేశమున తయారుచేసినది. ఆ సంస్థ పేరు 2008లో బాష్‌గా మారినను మా మెకానిక్కులకు అది నేటికిని మైకో పంపే. వెండ్రుక కన్న సన్నని సందులతో అమర్చిన ఆ యంత్రమును కారణము లేక విప్పుట, కంటిలో నలుసు పడినదని కంటినే కోయుట వంటిది. పాతకాలపు పంపు గల బండిలో నొక చక్కని పరీక్ష యున్నది: ఇంజన్ నిదానముగా నడుచుచుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొంచెము వదులు చేసి వినవలెను. ధ్వని మారినచో ఆ సిలిండరు పనిచేయుచున్నది. మారనిచో దోషి యదియే. కాని ఈ పరీక్షను కామన్ రైల్ బండ్లకు ఎన్నడును చేయరాదు. అందు డీజిలు వాతావరణ పీడనమునకు వేయిరెట్లకు మించిన పీడనముతో నుండును. సన్నని ధార చర్మమును చీల్చి లోనికి పోగలదు, చేయి తీసివేయవలసిన గతి పట్టినవారు కలరు. 2017 ఏప్రిల్‌లో దేశమంతట బీఎస్-4 కాలుష్య నియమము వచ్చిన తరువాతి బండ్లు బహుశః ఈ తెగవియే గనుక, వానికి స్కానర్ తగిలించి, రైల్ పీడనమును, యాక్సిలరేటర్ సెన్సారును, మసిపట్టిన ఈజీఆర్ వాల్వును చూచుటయే దారి.

కుదుపులన్నియు ఇంజన్‌వి కావు. రేస్ పెరుగుచున్నను వేగము పెరుగనిచో క్లచ్ జారుచున్నది. గేరు వేసి కదలునపుడు క్రిందనుండి టక్కుమను శబ్దము వచ్చినచో ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌ను, ఇంజన్ ఫౌండేషన్ రబ్బర్లను చూడవలెను.

మా వాని బండిలో దోషము టాంకి గొట్టము ఫిల్టరునకు తగులుచోట, క్లిప్పు క్రింద దాగిన ఒక పగులు. వేలితో వంచినగాని అది కనబడదు. మూరెడు రబ్బరు పైపు, రెండు క్లిప్పులు, గంట పని. చాచా అడిగిన కూలి అడుగుటకు తానే సిగ్గుపడినట్లు అడిగినాడు. పిదప ఆయన గోనెపట్టా పరచుకొని బండి క్రిందకు దూరి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను రెండు చేతులతో ఇటునటు త్రిప్పి చూచి, లోపలనుండియే కేకవేసినాడు: "బేటా, ఎనుక క్రాస్ గూడ ఊగుతుంది. ఇది గుంజేదాన్ని ఆపది గని, నడిరోడ్డు మీద షాఫ్ట్ కిందవడ్తది."

"ఈ కోత అయినంక జేపిస్త చాచా."

"కోత కోసం షాఫ్ట్ ఆగదు. బండి రేపు ఈడనే ఉండనీ."

మరునాటి రాత్రి కాయను ప్రక్కతోటవాని బండిలో నెక్కించినారు.