మ్యాచ్‌కు ముందు మన వనభోజనం

బస్సు భువనేశ్వర్ పొలిమేరలో ఖండగిరి దగ్గర ఆగేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. సాయంత్రం కళింగ స్టేడియంలో హాకీ మ్యాచ్. పిల్లలు బిలబిలమంటూ దిగి, చెట్టు నీడన కూర్చుని డబ్బాలు తెరిచారు. రెండు డబ్బాల మూత తీయగానే పులిసిన వాసన కొట్టింది. తెల్లవారుజామున వేడివేడిగా కుక్కి మూత బిగించిన టమాటా అన్నం అది. ఇంకో డబ్బాను కోతి లాక్కుపోయింది. ఆరో తరగతి పాప ఒకతె మాత్రం డబ్బా తెరవనేలేదు. "ఆకలి లేదు టీచర్" అంది. సంగతేమిటో రాత్రి తిరుగు ప్రయాణంలో తెలిసింది. ఆ డబ్బాలో ఉన్నవి బెల్లం కలిపిన అటుకులు. పక్కవాళ్ల డబ్బాల్లో పూరీలు, వేపుళ్లు చూసి తనది తెరవడానికి సిగ్గుపడింది. గోల్ పడినప్పుడు అందరితోపాటు లేచి కేకలు వేసిన పిల్ల పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.

ఆ తప్పు పిల్లలది కాదు, మాది. హల్దియాపదర్ చుట్టుపక్కల తెలుగు పిల్లల తల్లిదండ్రులం కొందరం, మాస్టార్లు, టీచర్లు కలిసి వేసిన ప్రయాణం అది. టిక్కెట్లు చూసుకున్నాం, బస్సు మాట్లాడుకున్నాం, అనుమతి పత్రాలు తీసుకున్నాం. తిండి సంగతి మాత్రం "ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాం. మరుసటి ఏడు ఆ ఒక్క ముక్క మీదే నెల రోజులు కూర్చున్నాం. అప్పుడు నేర్చుకున్నవి మిగతా బడులకూ పనికొస్తాయని ఇక్కడ చెబుతున్నాం.

అక్కడ బండి వెనక, ఇక్కడ చెట్టు కింద

అమెరికా, కెనడాల్లో ఆట చూడబోయేవాళ్లు గంటల ముందే వచ్చి, స్టేడియం బయట బండ్లు నిలిపే చోట వెనక తలుపు తెరిచి, తెచ్చుకున్నవి పరిచి పది మందితో కలిసి తింటారు. దాన్ని టెయిల్‌గేట్ పార్టీ అంటారు. అక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేది కాబట్టి చలిలోనే పొయ్యి రాజేసి వండుకునేవాళ్లూ ఉంటారు. అక్కడి మన తెలుగువాళ్ల పిల్లలకు ఇది బాగా తెలిసిన సరదా.

మనకు ఇది కొత్తేమీ కాదు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద చేసే వనభోజనం ఇలాంటిదే. పైగా ఒడిశాలో పెద్ద హాకీ పోటీలు ఎక్కువగా చలికాలంలోనే వస్తుంటాయి. 2018 ప్రపంచ కప్ భువనేశ్వర్‌లో నవంబర్ 28న మొదలైంది. మన లెక్కలో అప్పటికింకా కార్తీకమే. 2023 జనవరిలో భువనేశ్వర్‌తోపాటు రూర్కెలాలోని బిర్సా ముండా స్టేడియంలోనూ ప్రపంచ కప్ జరిగింది. ఈ రాష్ట్ర ప్రభుత్వం 2018 నుంచి భారత హాకీ జట్లకు స్పాన్సర్. కెప్టెన్‌గా చేసిన దిలీప్ తిర్కీ సుందర్‌గఢ్ జిల్లావాడు. హాకీ మనకు టీవీలో కనబడే దూరపు ఆట కాదు, బస్సెక్కితే నాలుగు గంటల్లో అందే ఆట.

మన వాళ్లూ ఈ ఆటలో ఉన్నారని పిల్లలకు చెప్పాలి. హైదరాబాద్‌కు చెందిన ఎన్. ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 ఒలింపిక్స్‌లో ఆడారు. చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన గోల్‌కీపర్ రజని ఇతిమర్పు టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లిన మహిళల జట్టులో ఉన్నారు. ఆ పేరు వినగానే మా ఆడపిల్లలు ముందు వరుసలోకి జరిగి కూర్చున్నారు.

సామాన్ల చిట్టా పిల్లలే రాయాలి

రెండో ఏడు మేం చేసిన మొదటి పని, సామాన్ల చిట్టా రాసే బాధ్యత పిల్లలకు ఇవ్వడం. షరతు ఒక్కటే, తెలుగులో రాయాలి. ఒక అబ్బాయి తెలుగు అక్షరాల్లోనే 'తెంతుళి అర కిలో' అని రాశాడు. కిరాణా కొట్లో రోజూ ఆ మాటే అడుగుతాడు మరి. "మీ ఇంట్లో అమ్మమ్మ ఏమంటుందిరా?" అని మాస్టారు అడిగితే, కాసేపు ఆలోచించి "చింతపండు" అన్నాడు. బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కనే రాశాం. అలా చిట్టా పూర్తయ్యేసరికి అటుకులు-చుడా, మరమరాలు-ముఢీ, పెరుగు-దొహి అంటూ బోర్డంతా నిండిపోయింది. ఒడియా మాట తప్పని ఎవరినీ అనలేదు. ఊళ్లో బతకడానికి అది కావాలి. ఇంటి మాట కూడా నోట్లోంచి జారిపోకూడదు, అంతే.

లెక్కలూ పిల్లలవే. పిల్లలు నలభై మంది, పెద్దలు ఎనిమిది మంది, మొత్తం 48. మనిషికి వంద గ్రాముల బియ్యం చొప్పున సుమారు 5 కిలోలు. అందులో మూడున్నర కిలోలు పులిహోరకు, కిలోన్నర పెరుగన్నానికి. కిలో బియ్యానికి వంద గ్రాముల చింతపండు అనుకుంటే మూడువందల యాభై గ్రాములు. అర కిలో రాసినవాడు తన చిట్టా తానే దిద్దుకున్నాడు. తాగే నీళ్లు మనిషికి రెండు లీటర్లు, అంటే 96 లీటర్లు. ఇరవై లీటర్ల డబ్బాలు ఐదు చాలన్నారు. "చేతులు కడుక్కోవడానికో?" అని వెనక బెంచీ నుంచి ఒక పిల్ల అడిగింది. ఆరో డబ్బా అలా వచ్చింది.

తల్లిదండ్రులకు పంపే ఉత్తరం కూడా పిల్లల చేతే రాయించాం. ఎప్పుడు బయలుదేరతారు, ఎక్కడ తింటారు, ఎన్నింటికి తిరిగొస్తారు, ఎవరు తోడు వస్తారు అన్నీ అందులో ఉండాలి. ఇంట్లో దాన్ని పైకి చదివి వినిపించి సంతకం తేవాలి. పాఠ్యపుస్తకంలో తెలుగు పరీక్ష కోసం. ఈ ఉత్తరంలోని తెలుగు అమ్మను ఒప్పించడం కోసం. అవసరం పడ్డ మాట ఎంత త్వరగా నేర్చుకుంటారో అప్పుడు చూశాం.

ఒకే వంట, ఒకే పంక్తి

రెండో నిర్ణయం, ఎవరి డబ్బా వాళ్లది కాకుండా అందరికీ ఒకే వంట. బియ్యం ఒకరు, నూనె ఒకరు, చింతపండు ఒకరు, అడ్డాకు విస్తళ్లు ఒకరు తెచ్చారు. ఏమీ ఇవ్వలేని ఇంటి నుంచి ఒక అమ్మ వంటకు సాయం వచ్చింది. ఎవరు ఎంత ఇచ్చారన్నది ఎక్కడా రాయలేదు, చదవలేదు. మొదటి ఏడు డబ్బా తెరవని పాప ఇంటి నుంచి అటుకులే అడిగి తెప్పించాం. వేరుశనగ గింజలు, కరివేపాకు వేసి వాటిని పోపు పెడితే దారిలో పిల్లలంతా పోటీపడి తిన్నది దాన్నే.

చలికాలమైనా మధ్యాహ్నం ఎండలో బస్సు వేడెక్కుతుంది. అందుకే వంటలో ఈ జాగ్రత్తలు పాటించాం:

పులిహోర అన్నాన్ని వెడల్పు పళ్లాల్లో పూర్తిగా ఆరబోసిన తర్వాతే పులుసు కలపాలి. వేడి మీద మూత బిగిస్తే లోపల చెమ్మ పట్టి పాడవుతుంది. ఉల్లిపాయ, టమాటా, కొబ్బరి పచ్చడి ప్రయాణానికి వద్దు.

పెరుగన్నం కలిపి తీసుకెళ్తే మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. మెత్తగా వండిన అన్నం గోరువెచ్చగా అయ్యాక, గోరువెచ్చని పాలు ధారాళంగా పోసి, ఒక్క చెంచా పెరుగు కలపాలి. దారిలోనే తోడుకుని, తినే వేళకు కమ్మగా ఉంటుంది. ఇది మన అమ్మమ్మల కిటుకే.

వంట మొత్తం శాకాహారమే. కార్తీకంలో మన ఇళ్లలో చాలామంది మాంసం ముట్టరు. ఒడియా ఇళ్లలో కార్తీక పౌర్ణమితో ముగిసే ఐదు రోజుల పంచుక నిష్ఠగా పాటిస్తారు. బస్సు డ్రైవరు, పక్క బడి నుంచి వచ్చిన ఒడియా స్నేహితులు కూడా అదే పంక్తిలో కూర్చోవాలంటే ఇదే సుఖం.

దారి, వేళలు, సంచి

ఆరున్నరకు హల్దియాపదర్‌లో బయలుదేరాం. భువనేశ్వర్ సుమారు 170 కిలోమీటర్లు. ఛత్రపూర్, రంభా దాటి బాలుగావ్‌లో ఒకసారి ఆపాం. ఉప్మా, చిలికా గాలి, మరుగుదొడ్డి అన్నీ అక్కడే. పన్నెండులోపు ఖండగిరి. ఈసారి కొండకు దూరంగా, కోతులు లేని చోట చాపలు పరిచాం. తిన్నాక ఉదయగిరి ఎక్కి హాథీగుంఫాలో ఖారవేలుడి శాసనం చూపించాం. రెండు వేల ఏళ్ల కిందటి అక్షరాలను పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. మూడున్నరకు స్టేడియం గేటు దగ్గర ఉన్నాం.

పెద్ద పోటీల్లో బయటి తిండి, నీళ్ల సీసాలు, పెద్ద సంచులు స్టేడియం లోపలికి రానివ్వరు. కాబట్టి కడుపు నింపాల్సింది బయటే. లోపలికి తీసుకెళ్లవద్దన్న వస్తువుల జాబితాను టిక్కెట్టు కొన్నప్పుడే చదివి పిల్లలకు చెప్పాలి. గేటు దగ్గర సంచి వదిలేయమంటే చిన్నపిల్లలు ఏడుస్తారు.

ఒక్కొక్క పిల్ల సంచిలో పలచటి స్వెట్టరు, తువ్వాలు, నిత్యం వేసుకునే మందు ఉంటే దాని చీటీ, అంతే. మెడలో ఉండే కార్డు మీద పేరు, టీచరు ఫోన్ నంబరు తెలుగుతోపాటు ఒడియాలోనూ రాశాం. తప్పిపోతే దారి చూపేవాళ్లకు ఆ కార్డు అర్థం కావాలి కదా. పెద్దల సంచిలో ప్రథమ చికిత్స పెట్టె, ఓఆర్ఎస్ పొట్లాలు, వాంతులకు కవర్లు, చెత్తకు రెండు పెద్ద గోతాలు, టార్చిలైటు.

ఆడపిల్లల ఇళ్లలో మొదటి ప్రశ్న "రాత్రి ఎన్నింటికి దింపుతారు?" అన్నదే. ఆ భయాన్ని తీసిపారేయకూడదు. సాయంత్రం ఐదింటి మ్యాచ్‌కే టిక్కెట్లు తీసుకున్నాం, రెండో మ్యాచ్‌కు ఆగలేదు. ఇద్దరు టీచర్లు, ఇద్దరు అమ్మలు తోడు వచ్చారు. బస్సు కదిలినప్పుడు, బాలుగావ్ దాటినప్పుడు ఇళ్లకు ఫోన్లు చేశాం. రాత్రి పదకొండుకు ప్రతి పిల్లనూ ఇంటివాళ్ల చేతికే అప్పగించాం. మొదటి ఏడు వచ్చిన ఆడపిల్లలు తొమ్మిది మంది. రెండో ఏడు పందొమ్మిది మంది.

ముందు ఆట తెలియాలి

ఆట తెలియకుండా తీసుకెళ్తే మొదటి పావుగంట తర్వాత పిల్లలు పాప్‌కార్న్ వైపు చూస్తారు. వెళ్లే ముందు వారం బడి మైదానంలో సున్నంతో గీతలు గీశాం. అసలు మైదానం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు. మా మైదానంలో అది పట్టలేదు, సగమే గీశాం. పావుగంట చొప్పున నాలుగు భాగాలు, జట్టుకు పదకొండు మంది, గోలు వెడల్పు 3.66 మీటర్లు. పెనాల్టీ కార్నర్ అంటే ఏమిటో కర్రలతో ఆడి చూపించాం. స్టేడియంలో పెనాల్టీ కార్నర్ ఇచ్చినప్పుడు మా పిల్లలే పక్క వరుసలవాళ్లకు వివరించారు. ఒడియాలో వివరించారు, మధ్యమధ్య తెలుగులో అరిచారు.

తేదీ మనకు ముందే ఉంది

ఇదంతా ఎప్పుడు మొదలుపెట్టాలి? ఆగస్టు 29న. ఆ రోజు ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం. అదే రోజు గిడుగు రామమూర్తి పంతులు గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. ఒకే తేదీన హాకీ పండుగా, తెలుగు పండుగా కలిసి రావడం మన జిల్లా బడులకు దొరికిన వరం. గిడుగువారు ఎవరో దూరపు పెద్దమనిషి కాదు. అప్పటి గంజాం జిల్లాలోని పర్లాకిమిడిలో పాఠం చెప్పిన మాస్టారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తాను ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక దశలో ఇంటి భాషలో చదువుకునే సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రాలు కృషి చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో చేరింది. ఆయన ఆ పని అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలుపెట్టారు.

ఆ రోజు ఉదయం పిల్లల చేత కర్రలు పట్టించండి. మధ్యాహ్నం బోర్డు మీద సామాన్ల చిట్టా మొదలుపెట్టించండి. చలికాలానికి డబ్బు, బస్సు, టిక్కెట్లు సమకూర్చుకోవడానికి మూడు నెలల వ్యవధి ఉంటుంది. భువనేశ్వర్ వెళ్లే వీలు లేకపోతే బరంపురంలోనే ఏదైనా బడి మైదానంలో రెండు బడుల మధ్య మ్యాచ్ పెట్టుకోండి. పక్కనే చెట్టు ఉంటే చాలు, చాపలు పరుచుకోవచ్చు.

మొన్న చిట్టా రాసే పని మళ్లీ మొదలైంది. ఈసారి బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకున్నది ఆనాడు డబ్బా తెరవని పాపే. ఇప్పుడు ఎనిమిదో తరగతి. మొదటి వరుసలో రాసిన మాట, 'అటుకులు, రెండు కిలోలు'.